అక్క ఇచ్చిన కిడ్నీ, నేను పెంచిన ఆకు

మా ఇంట్లో తూర్పు కిటికీ పక్కన మూడు అరల ఇనుప స్టాండు ఒకటుంది. ఇప్పుడు దాని మీద ఉతికిన బట్టలు పెట్టుకుంటున్నాం. పోయిన వేసవి దాకా అక్కడ తొమ్మిది ప్లాస్టిక్ ట్రేలు ఉండేవి. మెంతి, ఆవ, ముల్లంగి, ధనియాలు చల్లి, మొలిచిన ఆకు వేలెడెత్తు పెరగకముందే కత్తెరతో కోసి పచ్చిగా తినేదాన్ని. మైక్రోగ్రీన్స్ అంటున్నారు వాటిని. ఆ ఆకు గురించీ, అది తిని నేను పోగొట్టుకున్నదాని గురించీ రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. రాయడానికి కూర్చున్నప్పుడల్లా నా తప్పును కాస్త తగ్గించి చూపించాలని మనసు లాగేది. కాగితం మడిచి లేచిపోయేదాన్ని. ఈసారి తగ్గించకుండా రాస్తాను.

నా పేరు దేవకి. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో పద్నాలుగేళ్ళు తెలుగు చెప్పాను. మా ఆయన మురళి ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తాడు. మాకు పిల్లలు లేరు. నా పుట్టిల్లు నగరి. అమ్మా నాయనా ఇద్దరూ పోయారు. అటువైపు నాకు మిగిలింది అక్క ఒక్కతే. పేరు వళ్ళెమ్మ, నాకంటే ఆరేళ్ళు పెద్దది. అక్కా బావా నగరిలో నాలుగు మరమగ్గాలు నడుపుతారు. ఎప్పుడూ మగ్గాల మోతలో ఉండే మనిషి కాబట్టి అక్క మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది.

డయాలిసిస్ మూడేళ్ళు

ముప్పై ఎనిమిదో ఏట నా కిడ్నీలు రెండూ చెడిపోయాయి. బీపీ చాలాకాలం నుంచే ఉండి ఉంటుందని డాక్టరు చెప్పారు. తలనొప్పి వచ్చినప్పుడల్లా పిల్లల గోల వల్ల అనుకున్నానే తప్ప చూపించుకోలేదు. ఆ తర్వాత మూడేళ్ళు వారానికి మూడు రోజులు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు, మెషిన్ పక్కన పడుకుని బతికాను.

ఆ మూడేళ్ళలో నోరు పెట్టిన బాధ సూది కూడా పెట్టలేదు. నీళ్ళకు కొలత. కొబ్బరినీళ్ళు వద్దు, అరటిపండు వద్దు. ఆకుకూర తినాలంటే తరిగి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి తినాలి. పొటాషియం పోవాలని అలా చేయమన్నారు. దాంతోపాటు రుచీ, వాసనా, రంగూ అన్నీ పోయేవి. గిన్నె అడుగున మిగిలినదాన్ని చూసి ఇది తోటకూరా, పాలకూరా అని మురళిని అడిగేదాన్ని. "నాకేం తెలుసు, తడిగుడ్డ మాదిరి ఉండాది" అనేవాడు.

నా పక్క మంచం మీదికి బంగారుపాళ్యం నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఆయనకు మామిడితోట ఉంది. కాపు రోజుల్లో నర్సులకని బుట్టలో పండ్లు తెచ్చేవాడు. తాను మాత్రం ఒక పండు చేతిలోకి తీసుకుని వాసన చూసి మళ్ళీ బుట్టలో పెట్టేసేవాడు.

"పాపా, నాకు కిడ్నీ దొరికితే ముందు ఏం తింటానో తెల్సునా? మా తోట్లో కూర్చోని బేనీషా పండు, తొక్కతో సహా" అన్నాడొకసారి.

"నేను పచ్చాకు తింటా పెద్దాయనా" అన్నాను.

"ఆకా? మేకవా నువ్వు?" అని నవ్వాడు.

రెండో వేసవికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. పెద్దాయన ఏమయ్యాడని నేను అడగలేదు. ఆ హాల్లో ఎవరూ అలాంటివి అడగరు.

ఆగస్టు

కిడ్నీ ఇస్తానని అక్క తనంతట తానే అంది. నగరి బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చి, డయాలిసిస్ హాలు బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది. "నాకు రెండుండాయి గదే. ఒగటి తీస్కో" అంది. పెట్టెలో రెండు చీరలుంటే ఒకటి కట్టుకోమన్నంత తేలిగ్గా అంది. పరీక్షలన్నీ చేశారు. సరిపోతుందన్నారు.

బావ ఒప్పుకోలేదు. మా ఇంటికొచ్చి మురళితో గొడవపడ్డాడు. "మగ్గం కాడ దినమంతా నిలబడల్ల. నలభై ఏడేండ్ల మనిషిని కడుపు కోపిచ్చి పంపిస్తే నేనేం సెయ్యల్ల? రేపు దీనికి ఏమన్నా అయితే యాడికి పోదును?" అన్నాడు. ఆయన మాటల్లో తప్పేమీ లేదు. నేను ఆయన స్థానంలో ఉంటే అదే అడిగేదాన్ని. అక్క మాత్రం ఒక్కటే అంది: "నా కడుపులోది ఎవురికియ్యల్లో నాకు తెల్సు." బావ కాగితాల మీద సంతకం పెట్టాడు గానీ ఆపరేషన్ రోజు ఆసుపత్రి గడప తొక్కలేదు.

ఆపరేషన్ తర్వాత మూడో రోజుకే నా ముఖం తేటపడింది. అక్క మాత్రం పక్కకు తిరగాలన్నా పళ్ళు బిగించేది. వార్డులో సలోమి అనే నర్సు ఉండేది, గూడూరు అమ్మాయి. "తీసుకున్నోళ్ళకు బలమొస్తుందక్కా. ఇచ్చినోళ్ళకు నొప్పే మిగిలేది" అని అక్క వీపు కింద దిండు సర్దుతూ అంది. అక్క నొప్పిలోనే నవ్వి, "మా సెల్లెలికి మూత్రం వస్తాందా లేదా, అది సెప్పు ముందు" అంది. వస్తోందని సలోమి సంచీ ఎత్తి చూపించింది. ఆ పసుపు నీళ్ళు చూసి అక్క ఏడ్చింది. మూడేళ్ళ తర్వాత నా ఒంట్లోంచి వచ్చిన నీళ్ళవి.

ఇంటికి పంపేటప్పుడు తెలుగులో అచ్చేసిన కాగితం ఒకటి ఇచ్చారు. మందులు వేళ తప్పకూడదు. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆ మందులు రోగాన్ని ఎదుర్కొనే ఒంటి శక్తిని తగ్గించి ఉంచుతాయి కాబట్టి క్రిములతో జాగ్రత్తగా ఉండాలి. పచ్చిపాలు, కోసి అమ్మే పండ్లు, పచ్చి మొలకలు, ఉడికించని ఆకులు తినకూడదు. జ్వరమొచ్చినా, విరేచనాలైనా, మాత్రలు వాంతి అయినా వెంటనే ఫోన్ చేయాలి. ఆ కాగితంలో రెండు అచ్చుతప్పులుంటే పెన్నుతో దిద్ది ఫ్రిజ్ తలుపుకు అంటించాను. అంత శ్రద్ధగా చదివాను దాన్ని.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా

అయిదు నెలలు గడిచేసరికి రక్తపరీక్షలన్నీ బాగున్నాయి. జనంలోకి వెళ్ళొద్దన్నారు కాబట్టి స్కూలు లేదు. మురళి డ్యూటీకి వెళ్ళాక ఇల్లు, నేను, ఫోను. ఆ ఫోనులోనే ఒకావిడ వంటగది గట్టు మీద ట్రేలు పెట్టుకుని ఆకు కోస్తుంటే చూశాను. ఆ పచ్చదనం చూసి నోట్లో నీళ్ళూరాయి. మూడేళ్ళు తడిగుడ్డ తిన్న నోరది.

మొదట ఒక స్టీలు పళ్ళెంలో మెంతులు వేశాను. రాత్రంతా నానబెట్టి, తడిపిన కొబ్బరిపొట్టు మీద ఒత్తుగా పరిచి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి బరువు పెట్టాను. మూడో రోజు తీసి చూస్తే పై పళ్ళేన్ని తలలతో ఎత్తిపట్టుకుని నిలబడి ఉన్నాయి. పాలిపోయి, పసుపుగా. కిటికీ దగ్గర పెడితే సాయంత్రానికి ఆకుపచ్చ తిరిగాయి. నేను చేసిన పనికి ఒకటి బతికి లేవడం చూసి ఎన్నాళ్ళయిందో. ఆ రోజు మురళి ఇంటికొచ్చేదాకా పళ్ళెం ముందే కూర్చున్నాను.

నెలలోపు స్టాండు వచ్చింది, ట్రేలు వచ్చాయి. ఆవాలు త్వరగా వస్తాయి, ధనియాలు మొండివి, ముల్లంగి ఘాటుగా ఉంటుంది, ఇవన్నీ నేర్చుకున్నాను. వేళ్ళ చుట్టూ తెల్లగా నూగులా కనిపిస్తే నీళ్ళు చిలకరించి చూడాలి. అణిగిపోతే అది వేరు నూగు, అణగకపోతే బూజు. కోసిన ఆకు తడిగా డబ్బాలో పెడితే కుళ్ళిపోతుంది, గుడ్డ మీద ఆరబెట్టి, అడుగున పొడిగుడ్డ వేసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు నిలుస్తుంది. ఆకు ఇంకా గుబురుగా రావాలని కొబ్బరిపొట్టులో పేడ ఎరువు కూడా కలిపాను. విత్తనాలేమో వీధిచివర చిల్లర కొట్లో మెంతులు, ఆవాలే.

పెరుగన్నంలో, దోసె మీద, ఏమీ లేకుండా పిడికిట్లో, పచ్చిగా తిన్నాను. ఫ్రిజ్ తీసిన ప్రతిసారీ తలుపు మీద కాగితం కనిపించేది. పచ్చి మొలకలు అని రాశారు, ఇవి మొలకలు కావు గదా, ఆకులు. ఉడికించని ఆకులు అంటే బజారువి, ఇవి మందు కొట్టకుండా నా చేత్తో పెంచినవి. ఇలా ఒక్కో మాటకూ నాకు కావలసిన అర్థం చెప్పుకున్నాను. పద్నాలుగేళ్ళు పిల్లలచేత ప్రతిపదార్థాలు రాయించినదాన్ని. అర్థం మార్చడం నాకు కష్టమా?

మురళికి అనుమానం వచ్చింది. "డాక్టర్ని అడిగినావా?" అన్నాడు.

"అడిగినా మామా. బాగా కడుక్కొని తినమన్నాడు."

నేను అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

అక్కకు కూడా బస్సులో వచ్చేవాళ్ళతో ఒక డబ్బా పంపించాను. "ఇదేం తిండే, నారుమడి పీక్కొచ్చినట్టుండాది" అని ఫోన్లో నవ్వి, రసంలో వేసి ఉడికించానని చెప్పింది. ఉడికిస్తే అందులో ఉన్న సారమంతా పోతుందని అక్క మీద కోప్పడ్డాను.

మే నెల

తిరుపతి ఎండలు చెప్పనక్కరలేదు. ఆ వారం కరెంటు సరిగా లేదు. ఒకరోజు పొద్దున పోయిన కరెంటు సాయంత్రానికి గానీ రాలేదు. ఫ్రిజ్‌లో ముల్లంగి ఆకు డబ్బా తీస్తే కొంత జిగురుగా అయింది, కొంత బాగానే ఉంది. జిగురుది తీసి పారేసి, మిగతాది కడిగి పెరుగన్నంలో కలిపి ఇద్దరం తిన్నాం. పారేయడానికి మనసొప్పలేదు. పది రోజులు చూసుకున్న ట్రే అది.

మురళికి ఒక పూట కడుపు చెడి మర్నాటికి సర్దుకుంది. నాకు మర్నాటి నుంచి మొదలైంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు, ఆ పైన జ్వరం. పొద్దున వేసుకున్న మాత్రలు వాంతిలో వచ్చేశాయి. సాయంత్రంవీ అంతే. వెంటనే ఫోన్ చేయమని కాగితం చెబుతోంది. నేను చేయలేదు. ఎండదెబ్బ అన్నాను. మెడికల్ షాపులో మాత్ర తెప్పించుకున్నాను, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగాను. ఫోన్ చేస్తే ఏం తిన్నావని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి రెండు రోజులు ఇంట్లో పడుకున్నాను. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఇలా పడుకుని ఉంటే, దయచేసి లేవండి.

మూడో రోజు బాత్రూమ్ దాకా నడవలేక గోడ పట్టుకుని కూలబడ్డాను. పొద్దుటినుంచి మూత్రం రాలేదని అప్పుడు గుర్తొచ్చింది. మురళి నన్ను ఎత్తి ఆటోలో వేసుకున్నాడు.

ఆసుపత్రిలో పేరు పిలిచే దాకా హాల్లో ఉండాలి. కుర్చీలు నిండిపోయి ఉన్నాయి. కొండ మీద గుండు చేయించుకుని వచ్చిన ఒక తమిళావిడ, తలకు రాసిన గంధం ఇంకా ఆరలేదు, నన్ను చూసి లేచి తన కుర్చీలో కూర్చోబెట్టింది. నాకు వాంతి వస్తే తన చేతిసంచీలోని ప్రసాదం పక్కకు తీసి, ఆ కవరు నా నోటికి పట్టింది. నుదురు పట్టుకుని "పరవాల్ల మా, పరవాల్ల" అంటూనే ఉంది. ఆమె కూడా ఎవరి కోసమో అక్కడ కాచుకుని ఉంది. ఎవరి కోసమో నేను అడగలేదు. నా పేరు పిలిచాక మళ్ళీ ఆమెను చూడలేదు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే అక్క వచ్చింది. నా కాళ్ళ దగ్గర నిలబడి పాదాలు రుద్దుతోంది. అప్పుడే డాక్టరు వచ్చారు.

"బయట ఏమైనా తిన్నారా? పచ్చివి, నిలవ ఉంచినవి?" అని అడిగారు.

నేను అక్క వైపు చూశాను. చీర కుచ్చెళ్ళకు మగ్గం నూలుపోగులు అంటుకుని ఉన్నాయి, పనిలోంచి అలాగే వచ్చేసినట్టుంది. ఎడమ చేత్తో నడుం పట్టుకుని నిలబడింది. ఆపరేషన్ అయినప్పటినుంచీ అలాగే నిలబడుతోంది.

"బయట ఏమీ తినలేదు సార్. అంతా ఇంట్లోదే" అన్నాను.

ప్రతి మాటా నిజం. మొత్తం అబద్ధం.

"మా సెల్లెలు శానా జాగర్త సార్. కాగితం సూసుకోకుండా నోట్లో ఏమీ పెట్టుకోదు" అంది అక్క.

డాక్టరు రాసుకుని వెళ్ళిపోయారు. రక్తపరీక్ష తేలడానికి రెండు రోజులు పడుతుందన్నారు. ఆ రెండు రోజులూ జ్వరం దిగలేదు. సంచీలో నీళ్ళు పడలేదు. పక్క మంచాలవాళ్ళ సంచీలు చూస్తూ పడుకునేదాన్ని. అక్క గంటకొకసారి వంగి నా సంచీ చూసి, "వస్తాదిలే" అనేది. ఎవరికి చెబుతోందో తెలియదు, నాకా, తనకా.

రెండో రోజు మధ్యాహ్నం సలోమి నాకు ఒళ్ళు తుడవడానికి వచ్చింది. అక్క కిందికి కాఫీ తేవడానికి వెళ్ళింది. సలోమి తడిగుడ్డతో నా అరచెయ్యి తుడుస్తుంటే చెప్పేశాను. ట్రేల గురించి, డబ్బా గురించి, అంతా.

"ఎన్నాళ్ళ నుంచక్కా?"

"నాలుగు నెలలు."

సలోమి తిట్టలేదు. చెయ్యి తుడవడం కూడా ఆపలేదు. "నేను చెప్పనా డాక్టర్ గారికి, నువ్వే చెప్తావా?" అంది.

"నేనే చెప్తాను."

ఆమె వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది. విత్తనాలు ఎక్కడివి, ఎరువు ఏమిటి, ఎన్నాళ్ళు నిలవ ఉంచారు అని ఆయన ఒక్కొక్కటే అడుగుతుంటే జవాబు చెబుతూ ఉన్నాను. "పేడ ఎరువు" అంటూ తలెత్తేసరికి ఆయన వెనక అక్క ఫ్లాస్కుతో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో. ఫ్లాస్కు చిన్నబల్ల మీద పెట్టింది. మూత సరిగా పడలేదని మళ్ళీ తిప్పి బిగించింది. వార్డులోంచి వెళ్ళిపోయింది.

డాక్టరు మందు మార్చారు. "ఇది ఆ ఆకు వల్లే అని నేను ఖాయంగా చెప్పలేను. కానీ ఇటువంటి వాటిలో ఈ క్రిములు ఉండటం మామూలే. విత్తనంలోనే ఉంటే ఎంత కడిగినా పోవు" అన్నారు.

"మొదటిరోజే చెప్పుంటే..." అని అడిగాను.

ఆయన చేతిలోని కాగితాలు మూశారు. "చెప్పుంటే ఈ మందుతోనే మొదలుపెట్టేవాళ్ళం. అప్పటికే మీరు మాత్రలు వాంతి చేసుకుని మూడు రోజులైంది. కిడ్నీకి తేడా ఉండేదో లేదో నాకు తెలియదు."

ఆ "తెలియదు" నాతోనే ఉంది. అవుననో కాదనో చెప్పి ఉంటే దాన్ని ఎలాగో మోసేదాన్ని.

జూన్, జులై

ప్రాణం దక్కింది. జ్వరం తగ్గింది, అన్నం సయించింది. కిడ్నీ మాత్రం లేవలేదు. జులై చివర్లో డాక్టరు తన గదిలోకి పిలిచి, కూర్చోమని, ఇక ఆశ లేదని చెప్పారు. నేను బయటికొచ్చి డయాలిసిస్ హాల్లో పేరు రాయించుకున్నాను. అక్కడి ఆయా నన్ను గుర్తుపట్టింది. "మళ్ళీ వస్తివా పాపా" అంది. ఎందుకొచ్చావని అడగలేదు. నేను మునుపు చెప్పులు విడిచే మూల చూపించింది, అంతే.

నేను ఆసుపత్రిలో ఉండగానే మురళి ట్రేలన్నీ మెట్ల మీదుగా కిందికి దించి మున్సిపాలిటీ బండిలో వేసేశాడు. ఇంటికొచ్చిన రోజు ఖాళీ స్టాండు చూసి నిలబడిపోయాను.

"అడిగినానన్నావే. నా మొగం సూసి సెప్పినావే, డాక్టరు తినమన్నాడని" అన్నాడు.

"మామా, నేను..."

"నేనూ తిన్నా గదా దాన్ని. నీతో కూర్చోని తిన్నా. అదొకటే తిరుగుతా ఉండాది నాకు."

ఆ తర్వాత నెల పైగా అవసరమైన మాటలే మాట్లాడాడు. పొద్దున ఇడ్లీ పెట్టేవాడు, మాత్రలు లెక్కపెట్టి చేతిలో వేసేవాడు, ఆటో పిలిచేవాడు, హాలు బయట నాలుగు గంటలు కూర్చునేవాడు. అన్నీ చేసేవాడు. మాట్లాడేవాడు కాదు. ఆ మౌనం కంటే అరిస్తే బాగుండునని ఒకరోజు అన్నాను. "అరిసే ఓపిక లేదు దేవకీ" అన్నాడు. ఆయన కళ్ళ కింద నల్లగా గుంటలు పడి ఉండటం అప్పుడు చూశాను.

బావ ఫోన్ చేశాడు. "మా ఇంటిదాని కడుపు కోపిచ్చి నువ్వు గడ్డి తిన్నావంట గదమ్మా" అని, పెట్టేశాడు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాను చాలాసేపు.

అక్క ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. కిడ్నీ పోయిందని మురళి చెబితే, "ఊ" అని పెట్టేసిందట. ఆగస్టు గడిచింది. సెప్టెంబరు గడిచింది. చిన్నప్పుడు కూడా మేం రెండు రోజులకు మించి మాట్లాడుకోకుండా ఉన్నది లేదు.

ఇప్పుడు

డయాలిసిస్ హాల్లో కొందరు నన్ను అడుగుతుంటారు, ట్రేల్లో ఆకు పెంచడం మంచిదేనా అని. ఒళ్ళు బాగున్నవాళ్ళు పెంచుకోవచ్చు, నాకు దాని మీద పగ లేదు. మొలకెత్తించడానికని అమ్మే విత్తనమే తెచ్చుకోండి, చిల్లర కొట్లో కూరకు అమ్మేది వద్దు. పేడ ఎరువు దాని దరిదాపుల్లోకి రానివ్వకండి. తాగే నీళ్ళే పొయ్యండి. కోసింది చల్లగా ఉండాలి, కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే మొత్తం పారేయండి, బాగున్నది ఏరుకోవద్దు. కిడ్నీ మార్చుకున్నవాళ్ళు, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు పచ్చిగా ముట్టుకోకండి. తినాలనిపిస్తే డాక్టర్ని అడగండి, నిజంగా అడగండి. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకు పొటాషియం సంగతి వేరే ఉంది, అదీ అడగండి. అన్నిటికంటే ముఖ్యం, ఏం తిన్నారని అడిగినప్పుడు పక్కన ఎవరున్నా సరే చెప్పేయండి.

అక్టోబరులో ఒక మంగళవారం నేను మెషిన్ మీద ఉండగా అక్క వచ్చింది. లోపలికి ఎవరినీ పంపరు. సలోమి ఈ హాలుకు మారి ఉంది కాబట్టి పంపించిందనుకుంటాను. అక్క స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. చిక్కిపోయింది. నా చేతికి గుచ్చిన గొట్టాల్లో రక్తం పోవడం, రావడం చూస్తూ కూర్చుంది.

"మీ బావతో సెప్పకుండా వచ్చినా" అంది చివరికి.

"అక్కా, నేను..."

"నువ్వేం సెప్పొద్దు. నువ్వు సెప్పేది ఇనేకి రాలేదు నేను." ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి, గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "నాకు కోపం పోలేదే. పోతాదని కూడా సెప్పలేను. మగ్గం కాడ నడుం లాగినప్పుడల్లా నువ్వు గ్యాపకమొస్తావు. మా సెల్లెలు శానా జాగర్త సార్ అన్న మాట గ్యాపకమొస్తాది. పనికిమాలినదాని మాదిరి సెప్పినా గదే, ఆయప్ప ముందర."

నాకు ఏడుపొచ్చింది. మెషిన్ మీద ఉన్నప్పుడు ఏడిస్తే బీపీ తేడా చేస్తుంది. పంటితో పెదవి పట్టుకున్నాను.

అక్క స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"అది ఇంగా లోపలే ఉండాదా?" అంది.

"ఉండాది. పనిచెయ్యకపోయినా తియ్యరంట. ఏదైనా ఇబ్బంది పెడితేనే తీస్తారంట."

"యాడ?"

ఖాళీగా ఉన్న చేత్తో దుప్పటి మీద చూపించాను, పొత్తికడుపు దగ్గర కుడి పక్క. అక్క వంగి అక్కడ అరచెయ్యి పెట్టింది. మగ్గం పనితో గరుకెక్కిన చెయ్యి. దుప్పటి మీదనుంచే దాని బరువు తెలిసింది. సలోమి వచ్చి నా బీపీ చూసింది, అక్క చేతిని చూసింది, పక్క మంచానికి వెళ్ళిపోయింది.

"అయితే ఉండనీ" అంది అక్క. చెయ్యి మాత్రం తియ్యలేదు.